మార్చి ముప్పై ఒకటి తర్వాత

కొత్తవాడల, జంపఖానాల సొసైటీ మీది గదిల
రాత్రి పదకొండుకు ఒక్క వాక్యం రాసిన:
"కాంటా నాలుగు మార్చి ముప్పై ఒకటి దాకానే."
కొట్టేసిన.
దాకానే అంటే చచ్చిపోతదనుకుంటరు.
చావదు.
ఏప్రిల్ ఒకటిన గూడ పొద్దుగాల్నే లేస్తది,
పత్తి ట్రాక్టరును జోకుతది, చిట్టీ చింపి ఇస్తది.
అదే గద అసలు చిక్కు.

ఎవ్వరిదీ కాని సాఫ్ట్‌వేర్, అందుకే అందరిది.
చూసుకునేది ముగ్గురం. జీతం లేదు.
ఆరేండ్ల కింద నాలుగును విడుదల చేసిన్నాడు
పేరు పక్కన 'స్థిరం' అని రాసింది నేనే.
ఇగ దేన్నీ కదిలియ్యమని మాటిచ్చుడు,
ఆ మాట కోసం
నెలకు నాలుగు ఆదివారాలు అప్పజెప్పుడు
అని అప్పుడు తెల్వదు.

పోయిన జూన్ల నిజామాబాద్ నుంచి అఫ్రోజ్ ఫోన్:
"అయిదుల వేసిన కుట్టే మళ్ల నాలుగుల వెయ్యాలె.
బట్టనే వేరాయె సుగుణా,
దారం పడ్తలేదు."

తేదీ కాడ కొట్లాడుకున్నం.
డిసెంబరన్నడు. అప్పుడు మాకు పత్తి,
జమ్మికుంట యార్డు ముందట బండ్ల వరుస రైలు గేటు దాటుతది.
ఫిబ్రవరన్న. వాళ్లకప్పుడు పసుపు.
పసుపు ఒడిసెటాలకు యాసంగి మక్కలు, మక్కల ఎనుక వడ్లు.
ఎవ్వరికీ అడ్డం రాని తారీఖు
ఏ క్యాలెండర్ల లేదు.
లెక్కలు మూసే దినం మీద ఆగినం, అలిసిపోయి.

మూడు నెలలాయె,
ప్రతి కాంటా తెర మీద పచ్చ పట్టీ పెట్టి.
జమ్మికుంటకు పోయి ఓదెలును అడిగిన:
దీంట్ల ఏం రాసి ఉన్నది?
"ఏమో మేడం, సరే అని నొక్కితే పోతది."
రోజూ నొక్కుతున్నడు. తొంబై సరేలు.
నేను గూడ ఏ కాయితం చదివి సంతకం పెట్టిన్నని?

విడమర్చి చెప్పిన.
"బందయితదా?"
బంద్ గాదు.
"తూకం తప్పు చూపెడ్తదా?"
చూపెట్టదు. ఇయ్యాల్టికి.
"మరింకేంది?"

బయట ఒక రైతు హారన్ కొట్టిండు.
ఓదెలు చిట్టీ చింపిచ్చి, చెవి మీది పెన్ను తీసి,
నోట్ల పెట్టుకొని కొద్దిసేపు ఊకున్నడు.
"అంటే గోదాం ఉంటది,
తాళం ఉంటది,
కావలాయన ఉండడు. అంతే గద?"

అంతే.
నేను నాలుగు పేజీల్ల చెప్పలేనిది.
లేచి పోయి, ఆ దినం పత్తి ధర రాసిన బోర్డు కింద
సుద్దముక్కతోని తారీఖు రాసిండు,
మూడు వంకర పోయింది.

తిరిగొచ్చెటాలకు కింద లక్ష్మీరాజం
మగ్గం ముందట వంగి కూసున్నడు.
నేత అయిపోయినా పాత పడుగు తెంపి పారెయ్యడు,
జానెడు కొసలు అచ్చులనే ఉంచి
ఒక్కొక్క కొసకు కొత్త పోగు మెలిపెడ్తడు.
ఎన్ని పోగులని అడిగితే
"లెక్కబెడితే పని సాగదు బిడ్డా" అన్నడు.

పైకెక్కి మళ్ల రాసిన.
"కాంటా నాలుగు నడుస్తనే ఉంటది.
మార్చి ముప్పై ఒకటి తర్వాత దానికి కావలి ఉండదు.
మీ పాత చిట్టీలన్నీ అయిదుల తెరుచుకుంటయి.
దారి కింద రాసినం. రాకపోతే ఫోన్ చెయ్యిండ్రి."
నా నంబరు పెట్టిన.
అఫ్రోజ్ తిట్టిండు. తర్వాత
తన నంబరు గూడ పెట్టిండు.

ఇరవై మూడు యార్డుల నుంచి జవాబొచ్చింది.
పరకాల నుంచి రాలే.
అక్కడ ఎవరు జోకుతున్నరో,
పొద్దుకు ఎన్నిమాట్ల సరే నొక్కుతున్నరో.

రేపు ఆదివారమే.
బస్సు ఏడున్నరకు.